కొండ లంచం పుచ్చుకోదు

పార్కు యజమాని గారూ!

కంప్యూటర్‌లో తమరు కట్టించిన రోలర్ కోస్టర్ చూశాం. మొదటి కొండ వంద అడుగులు. బండి గొలుసు పట్టుకుని టకటకమంటూ పైకెక్కేలా పెట్టారు, బాగుంది. దిగీ దిగగానే రెండో కొండ. అది నూట ముప్ఫై అడుగులు! వెనకది ముందుదాని కన్నా ఎత్తుగా ఉంటే చూడ్డానికి దర్జాగా ఉంటుందని తమరి అభిప్రాయం కాబోలు. ఆ దర్జాకు తగ్గట్టే పట్టాలకు ఎరుపు, స్తంభాలకు పసుపు వేయించారు. స్టేషన్ చుట్టూ పూలమొక్కలు నాటించారు. 'ప్రళయ రుద్రుడు' అని నామకరణం జరిపించారు. టికెట్ ధర కూడా ఖరారు చేశారు. ఇంతవరకు పట్టాల మీద ఒక్క బండి తిరిగింది లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరే, ఇప్పుడు బండి వదలండి.

మొదటి కొండ దిగింది. లోయలో దూసుకుపోయింది. రెండో కొండ మొదట్లో పరుగు, సగం దాటాక నడక, ఇంకాస్త పైకి పోయాక పాకుడు. శిఖరం ఇంకా బోలెడు దూరం ఉండగానే బండి మొత్తం ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి జారింది. లోయ దాటి మొదటి కొండను వెనకవైపు నుంచి కాస్త ఎక్కి, మళ్లీ ముందుకొచ్చింది. అటూ ఇటూ, అటూ ఇటూ, ప్రతిసారీ కొంచెం తక్కువగా. చివరికి లోయ మధ్యలో చతికిలబడింది.

అప్పుడు తమరేమన్నారు? "ఈ గేమ్‌లో ఏదో బగ్ ఉంది" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకీ ఆ మద్దెల ఎవరు చేశారో తెలుసుకోండి. రోలర్‌కోస్టర్ టైకూన్ అనే ఈ ఆట 1999లో వచ్చింది. క్రిస్ సాయర్ అనే స్కాట్లండ్ ప్రోగ్రామర్ దాన్ని దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలో రాశాడు. అంటే ప్రాసెసర్ చేయాల్సిన ప్రతి చిన్న పనికీ ఒక్కో ఆజ్ఞ చొప్పున చేత్తో రాసుకుంటూ పోయాడన్నమాట. బొమ్మలు సైమన్ ఫోస్టర్ వేశాడు, సంగీతం ఆలిస్టర్ బ్రింబుల్ ఇచ్చాడు, కోడ్ భారం మాత్రం సాయర్ ఒక్కడే మోశాడు. ఆనాటి అంతంతమాత్రపు కంప్యూటర్లలో పార్కు నిండా జనాన్ని నడిపిస్తూనే, ప్రతి బండికీ వేగం, ఎత్తు, రాపిడి, బరువు లెక్క కట్టించాడు. ఎక్కిన మనుషుల బరువును కూడా వదల్లేదు. అంత లెక్క ఒక్కడు వేశాడు. వంద, నూట ముప్ఫై... ఈ రెంటిలో ఏది పెద్దదన్న ఒక్క లెక్క తమరికి వదిలిపెట్టాడు. అదే ఆయన చేసిన తప్పు.

వంద అడుగుల ఎత్తు నుంచి వదిలిన బండి, దారిలో గాలి గానీ చక్రాల రాపిడి గానీ ఏమీ తినకపోయినా, నేలకు దిగేసరికి గంటకు 88 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంతకు మించదు. ఆ వేగం మళ్లీ వంద అడుగులు ఎక్కడానికే సరిపోతుంది, నూట ఒకటో అడుగుకు చాలదు. నిజానికి రాపిడి ఉంది కనక వందకు కూడా చేరదు. నెట్టకుండా వదిలేసిన ఊయల వదిలిన ఎత్తుకు మించి లేవదని అందులో కూర్చున్న పిల్లకు తెలుసు. వేల డాలర్ల పట్టాలు వేయించిన తమరికి ఎవరు చెప్పాలి?

ఇక్కడ మరో రకం యజమానులు చెయ్యెత్తుతారు. "మేం రెండో కొండ తక్కువ ఎత్తే పెట్టామండీ, అయినా ఆగింది" అంటారు. వెళ్లి చూస్తే, రెండు కొండల మధ్యా మూడు లూపులు, రెండు కార్క్‌స్క్రూలు, ఒక పొడవాటి చుట్టు మెలిక! ఇవి చాలవన్నట్టు ఫొటో తీసే చోట బండి నెమ్మదిగా ఉండాలని బ్రేకులు. లూపు కాస్త తింది, మెలిక కాస్త తింది, బ్రేకు పెద్ద ముద్దే తింది. తిలా పాపం తలా పిడికెడు. కొండ దగ్గరికొచ్చేసరికి బండి చేతిలో మిగిలిందేమీ లేదు. పట్టుబడ్డది మాత్రం కొండ.

మూడో రకం వారిది ఇంకా ముచ్చటైన వాదన. "జనం నిండుగా ఉన్నప్పుడు దాటింది, ఖాళీగా వదిలితే ఆగింది. తేలికైన బండి కదా, ఇంకా సులువుగా దాటాలి కదా!" దాటదు. నిండు బండీ ఖాళీ బండీ ఒకే కొండ దిగి దాదాపు ఒకే వేగం అందుకుంటాయి. కానీ ఎదురుగాలి అడ్డుపడినప్పుడు బరువైన బండి తొందరగా లొంగదు, ఖాళీ బండి లొంగిపోతుంది. నిజం పార్కుల్లోనూ ఇంతే. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంత జరుగుతుందని ఆట ముందే హెచ్చరించలేదా? హెచ్చరించింది. తమరే వినలేదు. ఒక్కో రైడ్‌కు ఎరుపు, పసుపు, పచ్చ దీపాలు పెట్టింది. పసుపు నొక్కితే జనం ఎక్కకుండా పరీక్ష నడుస్తుంది. బండి చుట్టు పూర్తిచేసుకుని వస్తే ఉత్సాహం, తీవ్రత, వికారం అనే మూడు మార్కులు చేతికొస్తాయి. రాకపోతే మార్కులూ రావు. పక్కనే గ్రాఫులు ఉన్నాయి: వేగానికొకటి, ఎత్తుకొకటి, కుదుపులకు రెండు. వేగం గీత ఎక్కడ నేల చూపులు చూస్తోందో అందులో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఆ పేజీ తెరిచే తీరిక తమరికి లేదు. రంగులు మార్చే పేజీలో ఎరుపా, ముదురెరుపా అన్న మీమాంసలో ఉన్నారు. మార్కులు రాకుండానే పచ్చ దీపం నొక్కారు. ఆట అడ్డుచెప్పలేదు. ఎక్కడానికి కొందరు సిద్ధంగానే ఉంటారు. సర్టిఫికెట్ చూసి ఎక్కే అలవాటు అక్కడి జనానికీ లేదు.

లోయలో బండి చిక్కుకుంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే ఉన్నారు. కాసేపటికి తెర అడుగున ఒక కబురు: ఫలానా రైడ్‌లో ఫలానా బండి ఇంకా స్టేషన్‌కు తిరిగి రాలేదు, ఎక్కడైనా చిక్కుకుందేమో చూడండి! ఆ రోజుల్లో ఇంత మర్యాదగా మాట్లాడిన సాఫ్ట్‌వేర్ మరొకటి లేదేమో. ప్రయాణికుల మీద నొక్కితే వాళ్ల మనసులో మాట కూడా కనిపిస్తుంది. దిగిపోవాలనుంది, దిగిపోవాలనుంది, దిగిపోవాలనుంది. అదే మాట అందరిదీ. తమరు ఆ కబురు చదివారా? వాన మొదలైంది కదా, సమాచార కేంద్రంలో గొడుగు ధర పెంచే పనిలో ఉన్నారు. వాన పడితే జనం గొడుగుకు ఎంతైనా ఇస్తారన్న రహస్యం మాత్రం తమరికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. గొడుగు ధర పట్టుకున్న బుర్రకు కొండ ఎత్తు అందకపోవడం వింతే.

ఈలోగా స్టేషన్‌లో రెండో బండి ఊరికే కూర్చోలేదు. కనీసం ఇన్ని సెకన్లు ఆగి బయల్దేరమని తమరే గడియారం పెట్టారు. ముందుబండి వచ్చిందా రాలేదా అని గడియారం అడగదు. ట్రాకును భాగాలుగా కోసి, ముందు భాగం ఖాళీ అయితేనే వెనక బండిని వదిలే బ్లాక్ బ్రేకులు ఆటలో ఉన్నాయి. వాటికి డబ్బు దండగనుకున్నారు. రెండో బండి టకటకమంటూ ఎక్కింది, దిగింది. లోయలో ఎదురుగా మొదటి బండి. నిప్పుల బంతి ఒకటి లేచింది. తెర అడుగున ఇంకో కబురు: ఫలానా రైడ్ ప్రమాదంలో ఇంతమంది మరణించారు.

ఇప్పుడు తమరి పరిపాలనా దక్షత చూడాలి!

మొదటి ఉపాయం, బండ్లు గుద్దుకోకముందే నొక్కాల్సిన ఎర్ర దీపం. ఒకసారి నొక్కితే రైడ్ మూతపడుతుంది. రెండోసారి నొక్కితే బండ్లు మాయమైపోతాయి, లోయలో చిక్కుకున్న వాళ్లు బయటి గేటు దగ్గర ప్రత్యక్షమవుతారు. క్రేను అక్కర్లేదు, ఫైరింజన్ అక్కర్లేదు, ఎక్స్‌గ్రేషియా అక్కర్లేదు, విచారణ సంఘం అక్కర్లేదు. సంతాప ప్రకటన ఖర్చు కూడా కలిసొచ్చింది. మన మంత్రులెవరికైనా ఈ మీట సంగతి తెలిస్తే ప్రతి కలెక్టరేట్‌లోనూ ఒకటి బిగించమంటారు.

రెండో ఉపాయం, కొండకో గొలుసు. ఆగిన ప్రతిచోటా గొలుసు వేసేయడం. ఇప్పుడు బండి దిగుతుంది, గొలుసెక్కుతుంది, దిగుతుంది, గొలుసెక్కుతుంది. ప్రళయ రుద్రుడు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కుతున్నాడు. ఉత్సాహం మార్కు పడిపోయింది. అయినా "చూశారా, దాటిందా లేదా" అని తమరి ముఖంలో వెలుగు. గొలుసు నచ్చనివారు బూస్టరు పెడతారు. బూస్టరు తోస్తే బండి కొండ దాటుతుంది, ఆ పైన మలుపులో పక్కకు విరుచుకుపడే కుదుపుకు జనం హడలెత్తి క్యూ వదిలి పారిపోతారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. కొండను పది అడుగులు తగ్గించడం అనే ఉపాయం ఇంకా జాబితాలోకి రాలేదు. అందులో దర్జా లేదు కదా!

మూడోది దొడ్డిదారి. ఈ ఆట రెండో భాగాన్ని అభిమానులే తిరగరాసి, 2014 నుంచి ఓపెన్‌ఆర్‌సీటీ2 పేరుతో ఉచితంగా నడుపుతున్నారు. గొప్ప పని, సందేహం లేదు. అందులో నియమాలు దాటించే ఒక చీట్ల పేజీ ఉంది. ఏ పట్టా మీదైనా గొలుసు వేసుకోవచ్చు. రైడ్లు చెడిపోకుండా చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముద్దొచ్చేది ప్రమాద చరిత్రను చెరిపేసే మీట! మామూలుగా ఒక రైడ్‌లో ప్రమాదం జరిగితే జనం గుర్తుపెట్టుకుంటారు, సురక్షితం కాదంటూ ఎక్కరు. ఆ మీట నొక్కితే ఊరంతా ఒక్కసారిగా మరచిపోతుంది. నిన్న మంటల్లో కాలిన రైడ్ దగ్గర ఇవాళ పొడవాటి క్యూ. ఎన్నికల ముందు ఇలాంటి మీట కోసం ఎంత ఖర్చయినా పెట్టేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఇక్కడ అది ఉచితం.

తప్పంతా తమరి నెత్తినే రుద్దడం న్యాయం కాదు. ఆట కూడా తక్కువేం తినలేదు. మొట్టమొదటి పార్కు ఫారెస్ట్ ఫ్రాంటియర్స్ తీసుకోండి. మొదటి ఏడాది అక్టోబర్ చివరికి 250 మంది సందర్శకులు ఉండాలి, పార్కు రేటింగ్ కనీసం 600 ఉండాలి. ఇదీ తమరికిచ్చిన లక్ష్యం. ఎంతమంది ప్రాణాలతో ఇంటికెళ్లారన్న ప్రశ్న అందులో లేదు. మనుషులు చనిపోతే రేటింగ్‌లో కోత పడుతుంది, నిజమే. కానీ కొంతకాలం ఓపిక పడితే ఆ కోత తనంతట తానే కరిగిపోతుంది. ఈలోగా పత్రికల్లో ప్రకటనలు, సగం ధరకు ప్రవేశం, ఉచిత రైడ్ కూపన్లు ఎటూ ఉన్నాయి. లక్ష్యం పూర్తయితే సందర్శకులంతా చప్పట్లు కొట్టి బెలూన్లు వదులుతారు. బతికున్నవాళ్లే కదా కొట్టేది.

కొత్త ఆటలు వచ్చాయి కదా, పరిస్థితి మారిందనుకుంటున్నారేమో. 2016లో ప్లానెట్ కోస్టర్ వచ్చింది. పట్టా పొడవునా రంగులతో వేగం చూపిస్తుంది, కుదుపు చూపిస్తుంది, భయం ఎక్కడ ఎక్కువో చూపిస్తుంది. ఏ కొండ దగ్గర బండి నీరసిస్తోందో గ్రాఫు చదవలేనివాడికి కూడా రంగు చెబుతుంది. ఇంతకన్నా విడమరచి చెప్పడం కష్టం. మరి యజమానులు ఏం చేస్తున్నారు? కొండ చుట్టూ కోట కడుతున్నారు, గుహలు తొలుస్తున్నారు, డ్రాగన్ విగ్రహాలు నిలబెడుతున్నారు. అంత అందమైన కోటలో, అంత అందమైన గుహ దాటాక, అంత అందమైన డ్రాగన్ నోటి ముందు బండి ఆగుతోంది. ఇప్పుడు కొండ తగ్గిద్దామంటే కోట అడ్డం. నగిషీ ముందు, పునాది తర్వాత అనే పద్ధతికి ఇంతకన్నా మంచి పాఠం ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ దొరకదు.

ఇక నిజం పట్టాలు వేసేవాళ్ల సంగతికి వద్దాం. వాళ్లు మొదట అనుకునేది, బండి దాటదు అనే. దాటకపోతే ఏం చేయాలో తేల్చుకున్నాకే దాటించే పని చూస్తారు. తమరు ముచ్చటపడిన ఆ టకటక చప్పుడు అలంకారం కాదు. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ల మీద పడుతూ పోయే ఇనుప కొక్కెం చప్పుడది. 20వ శతాబ్దం తొలినాళ్లలో జాన్ మిల్లర్ అనే అమెరికా రూపశిల్పి చేతిలో అది రైడ్లకు రక్షణగా స్థిరపడింది. కొత్త రైడ్‌లో మనుషులను కూర్చోబెట్టే ముందు నీళ్లు నింపిన బొమ్మలను కూర్చోబెట్టి తిప్పుతారు. రోజూ పొద్దున్నే గేట్లు తీయకముందు ఖాళీ బండ్లు తిప్పుతారు. చల్లటి చక్రాలు మందకొడిగా తిరుగుతాయి కనక. గాలి ఎక్కువైతే రైడ్ ఆపేస్తారు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్‌లో 2003లో తెరిచిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌నే చూడండి. 420 అడుగుల కొండ ఎక్కాల్సి ఉండేది. గొలుసు లేదు. నేల మీదే బండిని గంటకు 120 మైళ్ల వేగంతో విసిరేవారు. రాపిడి ఏమీ లేదనుకుంటే ఆ ఎత్తుకు 112 మైళ్లు చాలని లెక్క. మిగిలింది ఎనిమిది మైళ్లు. గాలీ రాపిడీ అందులోంచే తమ వాటా తీసుకోవాలి. అప్పుడప్పుడూ వాటా కాస్త ఎక్కువయ్యేది, బండి శిఖరం దాకా వెళ్లి వెనక్కి జారేది. అయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. బండి వెళ్లగానే ఆ దారిలో అయస్కాంత బ్రేకులు పైకి లేచి కాచుకుని ఉండేవి. వెనక్కొచ్చిన బండిని మెల్లగా పట్టుకుని ఆపేవి. మళ్లీ విసిరేవారు. ఎక్కినవాళ్లు ఒకే టికెట్‌కు రెండు సార్లు ఎగిరామని సంబరపడేవారు. వైఫల్యానికి ముందే కుర్చీ వేసి పెట్టడం అంటే ఇది.

ఇంత జాగ్రత్త ఉన్నచోట కూడా మనిషి తన తెలివి ప్రదర్శిస్తే ఏమవుతుందో 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లో తేలిపోయింది. స్టాఫర్డ్‌షైర్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ద స్మైలర్ అనే రైడ్. ఆ రోజు గాలి బలంగా ఉంది. పరీక్ష కోసం వదిలిన ఒక ఖాళీ బండి దారిమధ్యలో ముందుకు పోలేక జారి లోయలో ఆగిపోయింది. ఖాళీ బండి సంగతి ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. కంప్యూటర్ తన పని తాను సరిగ్గానే చేసింది. ముందు భాగం ఖాళీ కాలేదని గ్రహించి, పదహారు మంది కూర్చున్న వెనక బండిని ఆపేసింది. సిబ్బందికి లోయలోని బండి సంగతి తెలియదు. యంత్రమే పొరపాటు పడుతోందనుకున్నారు. ఆ ఆజ్ఞను తోసిరాజని బండిని ముందుకు వదిలారు. ఇద్దరు యువతులు చెరో కాలు పోగొట్టుకున్నారు. మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. విచారణలో రైడ్ యంత్రాంగం లోపం తేలలేదు. ఇలాంటి సమయంలో ఏం చేయాలో సిబ్బందికి సరైన పద్ధతి ఏర్పరచని యాజమాన్యానిదే తప్పని తేలింది. 2016 సెప్టెంబర్‌లో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అక్కడ ఎర్ర దీపం రెండుసార్లు నొక్కడానికి లేదు. ప్రయాణికులు గేటు దగ్గర ప్రత్యక్షం కాలేదు. గంటల తరబడి ఎత్తులో వేలాడుతుండగా ఒక్కొక్కరినీ విడిపించి దించాల్సి వచ్చింది.

పార్కు యజమాని గారూ, ఆటలో నిప్పుల బంతి చూసి నవ్వడం నేరమేం కాదు. ఆటలున్నదే అందుకు. కానీ ఆ నవ్వు పక్కన అలవాటవుతున్న ఒక బుద్ధిని గమనించండి. బండి రాలేదన్న కబురు వస్తే కబురు మూసేయడం, యంత్రం వద్దంటే యంత్రానిదే తప్పనడం, రేటింగ్ మళ్లీ లేచేదాకా ఓపిక పట్టడం. తెర మీద ఈ బుద్ధికి చీట్ల పేజీ ఉంది. తెర బయట దీనికి ఆసుపత్రి ఉంది, కోర్టు ఉంది. వంతెనల దగ్గర, లిఫ్టుల దగ్గర, జాతరలో తిరిగే జెయింట్ వీల్ దగ్గర పచ్చ దీపం నొక్కే వేలు కూడా ఇలాంటి వేలే.

కొండ ఎవర్నీ చంపదు. అది ఉన్న ఎత్తు ఉన్నట్టు చెబుతుంది, చాలని వేగాన్ని చాలలేదని వెనక్కి పంపుతుంది. పార్కు మొత్తంలో సిఫార్సుకు లొంగని అధికారి అదొక్కటే. చంపేది రాని బండిని వచ్చేసిందనుకున్నవాడు.

కనక ముందు రెండో కొండ తగ్గించండి. పసుపు దీపం మీద బండి చుట్టు పూర్తిచేసి, గ్రాఫులో వేగం గీత చూసుకున్నాకే గేటు తీయండి. మొదటి బండి తిరిగొచ్చిందని కళ్లతో చూడకుండా రెండో బండి వదలకండి.